సెంట్రింగు తీసే రోజు

ఆవు వ్యాసం రాయకుండా బడి దాటిన తెలుగువాడు ఉండడు. ఆవు సాధుజంతువు, దానికి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక ఉండును, అది పాలిచ్చును. విజయనగరంలో రైలెక్కి, రాయగడ, తితిలాగఢ్ దాటి, మహానది దాటి, రాయ్‌పుర్ మీదుగా భిలాయి పక్కనున్న మా జాముల్ చేరినా సరే, ఆ ఆవు మనకంటే ముందే వచ్చి హిందీలో నెమరేస్తూ కనబడుతుంది. ఇక్కడా కాళ్ళు నాలుగే, కొమ్ములు రెండే.

తమాషా ఏమిటంటే, ఈ ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వం 2020 జూలై 20న, హరేలీ పండగనాడు, కిలో 2 రూపాయల చొప్పున ఆవుపేడ కొనడం మొదలుపెట్టింది. గోధన్ న్యాయ్ యోజన అని దాని పేరు. రెండేళ్ళు తిరిగేసరికి లీటరు 4 రూపాయలకు గోమూత్రం కూడా కొంది. ఆ రోజుల్లో పేడ తట్టలు తూకానికి వెళ్ళడం చూసిన పిల్లలున్నారు, మోసిన పిల్లలూ ఉన్నారు. ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిస్తే మాత్రం వాళ్ళ ఆవు మళ్ళీ పాలే ఇచ్చింది, పేడ వెయ్యలేదు. వేసినా కుంజీలో లేదు కనక మార్కులు పడవు. మనం గైడు అనేదాన్ని ఇక్కడ కుంజీ అంటారు.

పిల్లలకు రాయడానికి విషయం లేదనే మాట నేను ఒప్పుకోను. మా బస్తీ పిల్లలకు ఉన్నన్ని విషయాలు నాకే లేవు. వాళ్ళకు లేనిది తమ విషయం కాగితమ్మీద పెట్టదగ్గదేనన్న నమ్మకం. అదెందుకు లేదో తెలియాలంటే ముందు మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

1955లో సోవియట్ రష్యాతో ఒప్పందం కుదిరి భిలాయిలో ఉక్కు కర్మాగారం మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించారు. 1965లో ఈ జాముల్లో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడ ఇనుము తీయగా మిగిలిన చిట్టెం ఇక్కడికొచ్చి సిమెంటులో కలుస్తుంది. ఆ రెంటి వెనకాలే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి మనుషులు వచ్చారు. భిలాయిలోని ఖుర్సీపార్ వెళ్తే టెక్కలి సంతలో ఉన్నట్టే ఉంటుంది. జాముల్ బస్తీలో మరీ అంత లేకపోయినా, సాయంత్రం కుళాయి దగ్గర నిలబడితే "ఏటే, బిందె ఇక్కడెట్టీసి ఎల్లిపోనావు?" అన్న కేక వినబడకుండా ఉండదు.

ఈ ఇళ్ళలో పుట్టిన గుంటలు పొద్దున్న లేచి అమ్మతో శ్రీకాకుళం తెలుగు మాట్లాడతారు. వీధిలోకి వస్తే "కా కరత్ హస్?" అని ఛత్తీస్‌గఢీ. బడిలో అడుగుపెట్టేసరికి పుస్తకాల హిందీ. 2020 నుంచి స్వామి ఆత్మానంద్ పేరుతో సర్కారీ ఇంగ్లిష్ మీడియం బడులు కూడా వచ్చాయి కనక, సీటు దొరికిన ఇంట్లో నాలుగో భాష. మాటకొస్తే ఈ పిల్లలకు అడ్డే లేదు. ఒకే గొడవని మూడు భాషల్లో పడగలరు. కలం పట్టుకుంటేనే బిగుసుకుపోతారు.

ఎందుకు బిగుసుకోరు? హిందీలో కుర్చీ ఆడది, తలుపు మగాడు. నాన్న అన్నం తిన్నాడంటే క్రియ ఒకలా ఉంటుంది, అదే నాన్న రొట్టె తిన్నాడంటే రొట్టె ఆడది కనక క్రియ కూడా ఆడదైపోతుంది. ఇదేం న్యాయమని తెలుగింటి పిల్ల అడగదు. అడగకుండానే ఒక ఉపాయం కనిపెడుతుంది. జరిగింది జరిగినట్టు రాస్తే తప్పులొస్తాయి, తప్పుల కింద ఎర్రగీతలు వస్తాయి. తప్పు లేని వాక్యాలు కుంజీలో అచ్చయి ఉన్నాయి. అవే రాస్తే సరి. దీన్ని బద్ధకం అనడం అన్యాయం. లెక్క చూసుకున్న మనిషి చేసే పనే అది.

ఈ బాధ మన తెలుగువాళ్ళకు కొత్తది కాదు. ఇంకా చెప్పాలంటే, ఈ బస్తీ జనం ఏ నేల నుంచి వచ్చారో ఆ నేల మీదే ఈ విషయమై పెద్ద యుద్ధం నడిచింది. 1910ల మొదట్లో స్కూలు ఫైనలు పరీక్షలో పిల్లలు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నది తగువు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు, విజయనగరంలో గురజాడ అప్పారావు, వాళ్ళకు తోడు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ అనే ఇంగ్లీషు దొర వాడుక భాష వైపు. జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం వైపు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం రాసిచ్చాడు. అప్పటికి మాత్రం గ్రాంథికవాదులదే పైచేయి అయింది. మరుసటి ఏడే ఆయన పోయాడు.

మనం ఆ ఘట్టాన్ని సాహిత్య చరిత్రలో చదువుకుని, ఆగస్టు 29న గిడుగు ఫోటోకి దండేసి ఊరుకుంటాం. నిజానికి అది బడిపిల్లల వ్యాసం పేపరు గురించిన తగువు. నోట్లో ఉన్న మాటకీ కాగితమ్మీద అడిగే మాటకీ మధ్య అగాధం ఉంటే పిల్లాడు దూకడు, బట్టీపట్టిన వాక్యం పట్టుకుని ఒడ్డునే నిలబడతాడు. గిడుగు వారికి ఇది పుస్తకాల వల్ల తెలిసింది కాదు. సవర పిల్లలకు వాళ్ళ భాషలో చదువు చెప్పాలని తనే ఆ భాష నేర్చుకుని, సొంత డబ్బుతో బడి పెట్టి, వాచకాలు రాసి తెలుసుకున్నాడు.

ఇదే సంగతి మా ఛత్తీస్‌గఢ్‌లో మరోసారి, నాటకంలో రుజువైంది. రాయ్‌పుర్లో పుట్టిన హబీబ్ తన్వీర్ 1958లో ఢిల్లీలో మృచ్ఛకటికాన్ని 'మిట్టీ కీ గాడీ'గా ఆడుతూ, ఛత్తీస్‌గఢ్ నాచా కళాకారులు ఆరుగుర్ని తీసుకెళ్ళాడు. పల్లెల్లో తెల్లవార్లూ జనాన్ని కదలనివ్వకుండా ఆడినవాళ్ళు వాళ్ళు. ఆయన చేతిలో కొయ్యబారిపోయారు. కారణం పట్టుకోవడానికి ఆయనకు ఏళ్ళు పట్టింది. వాళ్ళచేత హిందీ పలికిస్తున్నాడు, ఇక్కడ నిలబడు, అక్కడ తిరుగు అని కాళ్ళకు గీతలు గీస్తున్నాడు. 1973లో రాయ్‌పుర్ వర్క్‌షాపులో ఆ గీతలు చెరిపి, వాళ్ళ మాట వాళ్ళకు వదిలేశాక మళ్ళీ మనుషులయ్యారు.

ఆ తరవాతదే 'చరణ్‌దాస్ చోర్'. విజయ్‌దాన్ దేథా కథ ఆధారంగా, 1974 ప్రాంతంలో భిలాయిలో జరిగిన వర్క్‌షాపులో దాని చిత్తుప్రతి తయారైంది. అవును, చిత్తుప్రతే. సగం ఉడికిన నాటకాన్నే మైదానంలో జనం ముందు ఆడి చూపించారు. ఏది పేలిందో, ఏది పేలలేదో చూసుకుని మళ్ళీ కూర్చున్నారు. 1975 నాటికి పూర్తి నాటకం, 1982లో ఎడిన్‌బరోలో బహుమతి. అంతటి దర్శకుడికి చిత్తుప్రతి కావలసి వచ్చింది. మన ఏడో తరగతి పిల్ల మాత్రం నలభై నిమిషాల పీరియడులో మొదటిసారికే తప్పులేని వ్యాసం, పైగా గుండ్రటి అక్షరాల్లో, రాసి ఇవ్వాలి!

నేను ఉపాధ్యాయుణ్ణి కాను. సిమెంటు ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి. 70.6 మిల్లీమీటర్ల ఘనాలు పోతపోసి, 3 రోజులకు, 7 రోజులకు, 28 రోజులకు వాటిని మిషన్లో నలిపి, ఎంత బరువుకు విరిగాయో రాసుకోవడం నా ఉద్యోగం. సాయంత్రాలు మా బస్తీ గుడి మంటపంలో పిల్లల్ని కూర్చోబెట్టి రాయించడం రిటైరయ్యాక పట్టుకున్న వ్యసనం. ట్యూషననుకుని లెక్కలు చెప్పమని వచ్చిన తల్లిదండ్రులు ఒకసారి చూసి వెనక్కి వెళ్ళిపోతుంటారు. వాళ్ళని తప్పుపట్టను. వాళ్ళు తొంగిచూసినప్పుడు మేం సాధారణంగా గట్టిగా కబుర్లు చెప్పుకుంటూ ఉంటాం.

కబుర్లతోనే మొదలుపెట్టాలి. ఓ మే నెలలో విషయం చద్దన్నం. ఇక్కడివాళ్ళు దాన్ని బోరే బాసీ అంటారు, 2022 నుంచి మే 1న దానికో దినోత్సవం కూడా చేశారు. రెండూ ఒకటేనా కాదా అని అడిగి ఊరుకున్నాను.

"ఒకటే సర్."

"ఒకటేటి సర్! మా మామ్మ పెరుగేస్తాది, ఉల్లిపాయ నంజుకుంతాది. ఈళ్ళు టమాటా చట్నీతో తింతారు."

"మేమూ ఉల్లిపాయ తింటాం!" అని అటునుంచి ఛత్తీస్‌గఢీలో ఎదురుదాడి.

తగువు ముదిరాక బోర్డు మీద మాటలు పడ్డాయి. కుండ, పులుపు, గంజి, పచ్చిమిరపకాయ, మామ్మ, లూ, రాత్రి డ్యూటీ. లూ అంటే ఇక్కడి వడగాడ్పు. రాత్రి డ్యూటీ ఎందుకొచ్చిందంటే ఒకడి నాన్న షిఫ్టు దిగి వచ్చి తినేది అదే. ఏ భాషలో వస్తే ఆ భాషలో రాశాను. ఇంతవరకు ఎవడూ కలం తియ్యలేదు. తరవాత అందరం కలిసి బోర్డు మీదే నాలుగు వాక్యాలు కట్టాం, వాళ్ళు చెప్తుంటే నేను రాశాను. ఆపైన ఒక్కొక్కరికీ ఓ చీటీ. ఎవరు పెట్టారు? ఏ గిన్నెలో? అప్పుడు ఎవరేమన్నారు? మరీ కలం కదలని వాడికి ఒక సగం వాక్యం: "మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది..." మిగతా సగం మాత్రం చచ్చినా ఇవ్వను. మాటలివ్వచ్చు, ప్రశ్నలివ్వచ్చు, మొదలివ్వచ్చు. పూర్తి వాక్యం చేతిలో పెట్టామా, ఆవు లేచి వచ్చేస్తుంది.

"సర్, తెలుగు మాట హిందీ అక్షరాల్తో రాయొచ్చా?" అని ఒక పిల్ల అడిగింది. రాయమన్నాను. వాళ్ళలో చాలామందికి తెలుగు లిపి రాదు. హిందీ వ్యాసం మధ్యలో దేవనాగరిలో 'మామ్మ' కూర్చుంది. పండితులెవరూ అటువైపు రాలేదు కనక బతికిపోయాం.

మొదటి ప్రతికి దిద్దుబాటు లేదు. చదివి, "ఆ తరవాతేమైంది?" అని అడుగుతాను. రెండో ప్రతికి ఒకే ఒక్క సంగతి చూస్తాను. ఈ వారం క్రియ అయితే క్రియే, అక్షరదోషాలు కళ్ళెదుటే పొర్లాడుతున్నా పట్టించుకోను. పాత పద్ధతిలో చదువుకున్న నాకు అది ఎంత కష్టమో మీరు ఊహించుకోవచ్చు.

ఇదంతా నేను కనిపెట్టింది కాదు. ఇవాళ సాయంతో చేసిన పని రేపు పిల్లలు ఒంటరిగా చేస్తారని 1934లో ముప్ఫయ్యేడేళ్ళకే చనిపోయిన రష్యా పండితుడు వైగాట్‌స్కీ చెప్పిపోయాడు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు చిన్నపిల్లలచేత చెక్కదిమ్మలు పేర్పించి, ఆ సాయం ఎలా ఇవ్వాలో, ఎలా తగ్గించాలో చూశారు. దానికి వాళ్ళు పెట్టిన పరంజా అన్న పేరు తాపీమేస్త్రీల దగ్గర అరువు తెచ్చుకున్నదే. అంచేత నేను ఈ విషయంలో మేస్త్రీల మాటే ఎక్కువ నమ్ముతాను.

శ్లాబు పోసేటప్పుడు సెంట్రింగు కడతారు. పెట్టెలు, పోటీలు, అడ్డకర్రలు. ఎప్పుడు తీయాలన్నది ఐఎస్ 456 అనే పుస్తకంలో రాసి ఉంది. గోడలకూ స్తంభాలకూ కట్టిన పలకలు 16 నుంచి 24 గంటల్లో విప్పొచ్చు. 4.5 మీటర్ల లోపు శ్లాబు కింది పోటీలు 7 రోజులుంచాలి, అంతకు మించితే 14 రోజులు. ఇంకో మాట కూడా ఉంది. ఈ లెక్క మామూలు సిమెంటుకి, వేరే రకమైతే సవరించుకోవాలి. మా జాముల్ సిమెంటులో చిట్టెం ఉంటుంది కనక మొదటి రోజుల్లో నెమ్మదిగా గట్టిపడుతుంది. తొందరపడి పోటీ లాగినవాడు శ్లాబుని తిట్టకూడదు. 28 రోజుల ఘనాన్ని మిషన్లో పెట్టి చూడండి, మామూలు సిమెంటుకి ఏం తీసిపోదు. రెండు భాషలు దాటుకుని మూడో భాషలో రాస్తున్న పిల్లకి కూడా అదే వెసులుబాటు అడుగుతున్నాను.

అయితే ఎంత నెమ్మది సిమెంటుకైనా పోటీ తీసే రోజంటూ ఒకటుంటుంది. మేస్త్రీ మర్చిపోడు, పెట్టెలకు రోజువారీ అద్దె కట్టాలి కదా. బడిలో ఇచ్చే ఆసరాకు అద్దె లేదు. అందుకే దాన్ని ఎవరూ తియ్యరు. పదో తరగతి సీబీఎస్‌ఈ హిందీ పేపరులో అనుచ్ఛేదం రాయమని, దానికింద సంకేత్ బిందువులని మూడు చుక్కలు పెట్టి ఏం రాయాలో వాళ్ళే చెప్తారు. పదిహేనేళ్ళ పిల్లకి! ఓటు హక్కుకు మూడేళ్ళ దూరంలో ఉన్న మనిషికి ఏం అనుకోవాలో చుక్కలు పెట్టి ఇవ్వడమేమిటి? అయిదో తరగతిలో ఆ చుక్కలుంటే నేనే చప్పట్లు కొడతాను.

మా మంటపంలో మొదట తగ్గేది బోర్డు మీది మాటలు. తరవాత సగం వాక్యం పోతుంది. చీటీలో ప్రశ్నలు ఒక్కొక్కటే రాలిపోయి, చివరికి ఖాళీ చీటీ చేతికొస్తుంది. ఖాళీ చీటీ ఇచ్చిన రోజు కొందరు అలుగుతారు. ఒకడు దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఏటి సర్, అచ్చు పడలేదా?" అన్నాడు. ఖాళీ చీటీ అందుకున్నవాళ్ళ పని తమకంటే చిన్నవాళ్ళకు ప్రశ్నలు రాసివ్వడం. అడగడం వచ్చినవాడికి రాయడానికి ఇంకొకడి ప్రశ్న అక్కర్లేదని నా లెక్క. అందరికీ ఒకే రోజు ఖాళీ చీటీ ఇవ్వను.

ఆసరా అంటేనే గిట్టనివాళ్ళు కొందరున్నారు. పిల్లల్ని స్వేచ్ఛగా వదిలెయ్యాలి, సృజన అదే వస్తుంది అంటారు. పక్కనే గనియారీ ఊరి తీజన్ బాయిని చూడమంటాను. బడి మొహం చూడని మనిషి. తాతయ్య బ్రిజ్‌లాల్ చెప్పే పాండవుల కథలు విని విని, కంఠస్థం చేసి, పదమూడేళ్ళకు చంద్రఖురీలో మొదటిసారి జనం ముందు పాడింది. మగవాళ్ళు మాత్రమే నిలబడి పాడే కాపాలిక పద్ధతిలో తనూ లేచి నిలబడింది. 2019లో పద్మవిభూషణ్. కంఠస్థం చెడ్డదైతే ఆమె లేదు, కంఠస్థం దగ్గరే ఆగిపోయినా ఆమె లేదు. భిలాయికి వచ్చిన రష్యా ఇంజనీర్లు కూడా పక్కన నిలబడి పని నేర్పి, అప్పగించి, రైలెక్కేశారు. ఇక్కడే ఉండిపోతే ఆ కొలిమి ఇప్పటికీ వాళ్ళదే అయ్యుండేది.

ఇక ఫోను సంగతి. ఇప్పుడు అడిగితే చాలు, అదే వ్యాసం రాసి పెడుతుంది. మా పిల్లలూ చేశారు. నేను వద్దనలేదు. దానిచేత ఆవు మీద వ్యాసం రాయించి, అందులో ఏం లేదో వెతకమన్నాను. పేడ దొరకలేదు, కూరగాయల బజారు దొరకలేదు, నందినీ రోడ్డు మధ్యలో పడుకుని లారీలని ఆపేసే మా ఆవు దొరకలేదు. "సర్, దీని ఆవుకీ నాలుగు కాళ్ళే!" అని ఒక పిల్ల పకపకా నవ్వింది. సాహిత్య విమర్శకు అంతకంటే మంచి ప్రారంభం నేనెరగను.

పద్ధతి పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుందని ఒక మిత్రుడు అడిగాడు. ఆయన ల్యాబు మనిషే, అంకె కావాలంటాడు. నా దగ్గర అంకె లేదు, ఒక ఉత్తరం ఉంది. నిజానికి అదీ లేదు. మా వీధి దీపం ఆరిపోయి చాన్నాళ్ళయింది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె దాని గురించి ఒక ఆఫీసుకి ఉత్తరం రాసింది. కబుర్లు, చీటీ, రెండు ప్రతులు, అన్నీ అయ్యాక పోస్టు చేసింది. జవాబు రాలేదు. కొన్నాళ్ళకు ఆ పిల్ల మంటపానికి వచ్చి, "సర్, రెండోది కూడా ఏసీసినాను" అంది. ఏమని రాశావన్నాను. "నా మొదటి ఉత్తరానికి మీరు జవాబివ్వలేదు, అందుకని మళ్ళీ రాస్తున్నాను అని మొదలెట్టాను" అంది. నాకు చూపించాలని ఆ పిల్లకి తోచనే లేదు. అందులో ఎన్ని తప్పులున్నాయో నాకు తెలియదు. దీపం ఇంకా వెలగలేదు.

భిలాయిలో, చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళకి ఒక మనవి. పిల్లలకు ఇప్పుడు కావలసింది నేర్పేవాళ్ళు కాదు, చదివేవాళ్ళు. ఆదివారం సాయంత్రం ఒక గంట వచ్చి, వాళ్ళు రాసింది వాళ్ళ ముందే చదివి, ఆ తరవాతేమైందని అడిగి వెళ్ళండి. ఎర్ర కలం ఇంట్లో పెట్టి రండి. పాత డైరీలు, ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలు ఉంటే పట్టుకురండి. కుంజీలు మాత్రం తేవద్దు, మా దగ్గర బోలెడున్నాయి.